అబ్దుర్ రజాక్ విజయనగరంలో ఏం చూశాడు? ఒక రాయబారి రాతను చదివే పద్ధతి

పాలమూరులోనో నల్లగొండలోనో గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట్సు ఏది తిరగేసినా విజయనగరం పాఠం దగ్గర ఒక మాట ఉంటుంది. అట్లాంటి నగరాన్ని కన్ను చూడలేదు, చెవి వినలేదు అని. రాసింది ఎవరు? అబ్దుర్ రజాక్. ఎక్కడివాడు? పర్షియా. ఎవరి కాలం? రెండో దేవరాయలు. మూడు బిట్లు, మూడు మార్కులు, అంతటితో సరి.

ఆ మూడు బిట్ల వెనక ఒక మనిషి, ఒక ఉద్యోగం, రెండేళ్ళకు పైగా సాగిన ప్రయాణం, మధ్యలో తెగిపోయిన భత్యం, ఒక యుద్ధం ఉన్నాయి. ఆ యుద్ధం జరిగింది కూడా మనకు దూరంగా కాదు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ, పాత పుస్తకాలు రాయచూరు అంతర్వేది అనే నేలకు తూర్పు కొస. గద్వాల, అలంపురం వాళ్ళ కాళ్ళ కింది మట్టే అది. అందుకని రజాక్ రాతను మనం బిట్లుగా కాక, ఒక సాక్షి వాంగ్మూలంగా చదవాలి. సాక్షి ఎక్కడ నిలబడి చూశాడు, ఎవరు చెబితే విన్నాడు, తిండి ఎవరు పెట్టారు, ఎప్పుడు రాశాడు అన్నవి తేలితేనే అతని మాటకు బరువెంతో తెలుస్తుంది.

ముందు ఊరి సంగతి. అతను పుట్టింది 1413లో, హెరాత్‌లో. అది ఇప్పుడు అఫ్గానిస్తాన్‌లో ఉంది. పేరు చివర సమర్‌ఖందీ అని ఉన్నా పెరిగింది, బతికింది, పోయింది హెరాత్‌లోనే. పర్షియన్ అన్నది అతని భాషకు సరిపోతుంది, ఊరికి కాదు. రజాక్ తండ్రి ఖాజీ, తైమూరు కొడుకైన షారుఖ్ రాజు దర్బారులో. తండ్రి పోయాక రజాక్ ఒక వ్యాకరణ గ్రంథానికి వ్యాఖ్య రాసి షారుఖ్‌కు అంకితమిచ్చాడు, ఆ పుస్తకంతోనే కొలువు దొరికింది. మన కవులు రాజుకు కృతినిచ్చి కొలువులో చేరినట్టే. అంటే ఇతను వ్యాపారి కాదు, ఓడ సరంగు కాదు, సైనికుడు కాదు. చదువుకున్న దర్బారు మనిషి. సంతలో ధరల కన్నా సభలో మర్యాదలు ఇతని కళ్ళకు ముందు ఆనతాయి. అతని రాతంతా ఈ పాళ్ళలోనే ఉంటుంది.

1442 జనవరిలో హెరాత్ నుంచి బయల్దేరినప్పుడు అతనికి ఇంకా ముప్పై నిండలేదు. పంపింది విజయనగరానికి కాదు, కాలికట్‌కు. ఈ ఒక్క విషయం మరిచిపోతే తర్వాత జరిగిందంతా చిక్కుపడుతుంది. కాలికట్ రాజును జామొరిన్ అంటారు. ఆ జామొరిన్ షారుఖ్‌తో స్నేహం కోరుతూ మనుషులను పంపాడు, దానికి బదులు మర్యాదగా రజాక్ వెళ్ళాడు.

దారి కెర్మాన్ మీదుగా హర్ముజ్ రేవుకు. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. అరేబియా సముద్రంలో తెరచాప ఓడలు నడిచేది రుతువుల గాలి మీద. నైరుతి రుతుపవనం ముదిరిందంటే జూన్ నుంచి పడమటి తీరం రేవులు దాదాపు మూసినట్టే. ఆ గాలి మొదట్లోనో చివర్లోనో ఈవలికి దాటాలి. తిరుగు ప్రయాణం చలికాలం ఈశాన్య గాలి మీద. రజాక్‌ను హర్ముజ్‌లో ఆపి ఆపి, అదను దాటాక ఓడ ఎక్కించారు. ఫలితం, మస్కట్ దగ్గరే చిక్కుబడ్డాడు. ఒమాన్ తీరంలో ఎండాకాలమంతా గడిచింది. అతనికి జ్వరం, వెంట వచ్చిన అన్నకూ జబ్బు. అన్న అక్కడే కన్నుమూశాడు. గాలి మళ్ళీ కుదిరాక కల్హాత్ దగ్గర ఓడ ఎక్కితే కాలికట్ చేరడానికి పట్టింది 18 రోజులే. అదనుకు బయల్దేరితే మూడు వారాలు కూడా పట్టని దూరం, అదను తప్పితే నెలలకు నెలలు మింగింది.

1442 నవంబరులో కాలికట్‌లో దిగాడు. రేవు నచ్చింది. సరుకు ఓడ దించి వీధిలో వదిలేసినా పోదని, అమ్మకం జరిగితేనే నలభయ్యో వంతు సుంకం తీసుకుంటారని మెచ్చుకున్నాడు. రాజు మాత్రం నచ్చలేదు. తెచ్చిన కానుకలను జామొరిన్ పెద్దగా పట్టించుకోలేదు. అందుకే కాలికట్ జనం గురించి అతని రాతలో ఈసడింపు కనబడుతుంది. రాయబారి రాతలో ఒక ఊరిని తిట్టాడంటే ముందు ఆ ఊళ్ళో అతనికి జరిగిన మర్యాద ఏమిటో చూడాలి.

అక్కడ ఉండగానే దేవరాయల నుంచి జామొరిన్‌కు కబురు వచ్చింది, ఆ రాయబారిని నా దగ్గరికి పంపమని. జామొరిన్ దేవరాయల కింద ఉన్నవాడు కాదు, అయినా భయం ఉంది. పంపాడు. రజాక్ ఓడలో మంగళూరు దాకా వచ్చి, అక్కడినుంచి కొండల దారి పట్టి 1443 ఏప్రిల్ చివర్లో విజయనగరం చేరాడు. డిసెంబరు దాకా, అంటే ఏడు నెలలకు పైగా ఉన్నాడు. తుంగభద్ర దాటి ఉత్తరానికి మాత్రం రాలేదు. మన వైపు నేల గురించి అతను రాసిన ప్రతి ముక్కా విన్నదే.

చూసినవాటిలో బాగా చూసింది రాజునే. నలభై స్తంభాల మండపంలో కూర్చున్నాడు, ఒంటిమీద చైనా నుంచి వచ్చిన పచ్చ పట్టు, మెడలో ముత్యాలు. చామనఛాయ, సన్నగా పొడుగు, వయసు చిన్నది, చెంపల మీద నూనూగు వెంట్రుకలు, గడ్డం లేదు. రజాక్ అయిదు గుర్రాలు, రెండు పళ్ళాల్లో తొమ్మిదేసి పట్టు బట్టలు సమర్పించాడు. తైమూరు వంశం వాళ్ళకు కానుక తొమ్మిదుల లెక్కన ఇవ్వడం మర్యాద. దర్బారు దుస్తులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వెళ్ళాడేమో, మే నెల ఎండలకు చెమటతో తడిసి ముద్దయ్యాడు. రాజు జాలిపడి తన చేతిలోని విసనకర్ర ఇచ్చాడు. ఇట్లాంటివి ఎవరో చెబితే రాసే సంగతులు కావు. చెమట పట్టినవాడికే తెలుస్తాయి. రజాక్ రాతలో ఇవే గట్టి సాక్ష్యాలు.

ఈ రాజు మనకు తెలిసినవాడే. శ్రీనాథుడు డిండిమభట్టును గెలిచి కంచుఢక్క పగలగొట్టించింది, టంకాలతో స్నానమాడింది ఈ ప్రౌఢదేవరాయల కొలువులోనే. అదే శ్రీనాథుడు రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుని సభకూ వచ్చాడని మన నల్లగొండ సీమలో చాటువులతో సహా చెప్పుకుంటారు. ఒకే రాజును ఒక కవి, ఒక రాయబారి దగ్గరగా చూశారు. కవికి దొరికింది కనకాభిషేకం. రాయబారికి దొరికింది రోజువారీ భత్యం. ఆ భత్యం లెక్కే మనకు ఎక్కువ పనికొస్తుంది.

రోజుకు రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, అయిదు మన్‌ల బియ్యం, ఒక మన్ వెన్న, ఒక మన్ చక్కెర, రెండు బంగారు వరహాలు. వండిన తిండి కాదు, ముడి సరుకు. మన ఇళ్ళల్లో స్వయంపాకం ఇస్తారే, ఆ పద్ధతి. ఎందుకో రాజే చెప్పాడని రజాక్ రాశాడు. మీ రాజులు రాయబారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడతారు, మనం కలిసి తినే వీలు లేదు కాబట్టి ఈ పైకం మూటే నేను పెట్టే విందు అనుకో అన్నాడట. ఆచారాన్ని తప్పకుండా అతిథిని గౌరవించడానికి వెతికిన దారి అది. రాయబారికి అది అవమానం కాదని ముందే విడమరచి చెప్పడం రాజు నేర్పు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మన్ దగ్గర. మన్ అనగానే మణుగు అనుకుంటాం. ఏ మణుగు? ఉత్తరాది మణుగు దాదాపు 37 కిలోలు. ఎనిమిది వీశెల దక్షిణాది మణుగు 11 కిలోల పైచిలుకు. ఇరాన్ వైపు తబ్రీజ్ మన్ సుమారు 3 కిలోలు. అయిదు మన్‌ల బియ్యం అంటే మొదటి లెక్కలో 185 కిలోలు, రెండో లెక్కలో 56, మూడో లెక్కలో 15. రెండు గొర్రెలు, ఎనిమిది కోళ్ళ పక్కన పెట్టి చూడండి. ఆ మాంసంతో తినే పరివారానికి రోజుకు 15 కిలోల బియ్యం, 3 కిలోల వెన్న పొంతన కుదురుతాయి. 185 కిలోల బియ్యం, 37 కిలోల వెన్న కుదరవు. రజాక్ తన ఊరి తూకంతో రాశాడనుకోవడమే న్యాయం. అతను అన్నిటినీ సొంతూరి కొలతతోనే కొలుస్తాడు. విజయనగరం నడిబొడ్డు కోటను వర్ణిస్తూ హెరాత్ పెద్ద బజారుకు పది రెట్లు అన్నాడు. చదివేది హెరాత్ వాళ్ళు కాబట్టి వాళ్ళకు అర్థమయ్యే కొలత ఇచ్చాడు.

నాణేల విషయంలో మాత్రం రజాక్ చాలా జాగ్రత్తపరుడు. అతను చెప్పిన ప్రకారం వరహాలో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు పణం. ఇవి మూడూ బంగారం కలిసినవి. పణంలో ఆరో వంతు తార, అది వెండిది. తారలో మూడో వంతు జీతల్, అది రాగిది. అంటే ఒక వరహాకు 20 పణాలు, 120 తారలు, 360 జీతళ్ళు. వేరే కాలాల్లో, వేరే సీమల్లో వరహాకు పది పణాలన్న లెక్క కూడా ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే అన్నీ రెట్టింపు అవుతాయి. రజాక్ అంకెలకు రజాక్ పట్టికనే వాడాలి.

ఆ పట్టికతో కొన్ని అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి దర్శనం రోజు అతనికి తాంబూలం, 20 మిస్కాళ్ళ (మిస్కాల్ ఒక చిన్న తూకం) కర్పూరం, 500 పణాల సంచి ఇచ్చారు. 500 పణాలంటే 25 వరహాలు, అంటే పన్నెండున్నర రోజుల భత్యం. నగరంలో కొత్వాలు కింద పన్నెండు వేల మంది భటులని, వాళ్ళ జీతం రోజుకు 12,000 పణాలని, అది వేశ్యావాటికల పన్ను నుంచి వస్తుందని రాశాడు. తలకు ఒక్క పణం. రాయబారికి ఇచ్చే నగదు రోజుకు 40 పణాలు. అంటే నలభై మంది భటుల జీతం ఒక్క అతిథికి. ఇట్లా లోపలి అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయంటే ఆ సమాచారం దర్బారు లెక్కలు తెలిసినవాళ్ళ దగ్గర విన్నదని నమ్మొచ్చు.

అదే రజాక్ సైన్యం పదకొండు లక్షలు, రేవులు మూడు వందలు, ఏనుగులు వెయ్యికి పైన అన్నప్పుడు చెయ్యి ఆపాలి. ఇవి ఎవరూ నిలబడి లెక్కబెట్టగలిగినవి కావు. రాజుగారి మనుషులు పరదేశి రాయబారికి చెప్పే అంకెలు ఇట్లాగే గుండ్రంగా ఉంటాయి, చెప్పడంలో ఉద్దేశమే అది. వాటిని అబద్ధమని తీసి పారేయనక్కర్లేదు. విజయనగరం తన గురించి హెరాత్‌కు ఏం తెలియాలనుకుందో చెప్పే సాక్ష్యంగా వాడుకోవచ్చు. మనకు ఇది కొత్త కాదు. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాసిన వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. దాని మూలం కూడా ఒక రాయబారి, మెగస్తనీస్ అనే అంటారు. మెగస్తనీస్ పుస్తకం పోయింది, వేరేవాళ్ళు ఎత్తిరాసుకున్న ముక్కలే మిగిలాయి. రజాక్ పుస్తకం మొత్తం మిగలడం మన అదృష్టం.

ఏడు కోటగోడల వర్ణనలో చూసింది, విన్నది రెండూ కలిసిపోయి ఉన్నాయి. బయటి గోడ ముందు యాభై గజాల మేర మనిషెత్తు రాళ్ళు సగం పాతి ఉంటాయని, గుర్రమైనా మనిషైనా సులువుగా దాటలేరని రాశాడు. ఇది చూసిందే. మొదటి మూడు గోడల మధ్య పొలాలు, తోటలు, ఇళ్ళు, మూడు నుంచి ఏడో గోడ దాకా దుకాణాలు, బజార్లు. ఇదీ చూసిందే. ఈ పద్ధతి ఎందుకో మన కోటలు ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముట్టడి నెలల తరబడి సాగితే లోపల పంట, నీళ్ళు ఉన్న కోటే నిలుస్తుంది. ఉత్తర ద్వారం నుంచి దక్షిణ ద్వారానికి రెండు ఫర్సంగులు, అంటే సుమారు 12 కిలోమీటర్లు అన్నది మాత్రం కొలిచింది కాదు, నడక మీద వేసిన అంచనా. మన వనపర్తి దగ్గరి పానగల్ కోటకు కూడా పాత గెజిటీర్ ఏడు గోడలు చెబుతుంది. ఏడు అన్న సంఖ్య దక్కన్ కోటల వర్ణనల్లో ఎంత తరచుగా వస్తుందో గమనిస్తే లెక్క ఎంత, వాడుక మాట ఎంత అన్న ఆలోచన పుడుతుంది.

పండుగ తేదీ దగ్గర ఇంకో చిక్కు. మహర్నవమి వేడుకలను రజాక్ కళ్ళకు కట్టినట్టు రాశాడు. అలంకరించిన ఏనుగులు, అంతస్తుల మండపాలు, ఆటగత్తెలు, మూడు రోజుల సంబరం. నెల రజబ్ అన్నాడు. హిజ్రీ 847లో రజబ్ మొదలైంది 1443 అక్టోబరు 25 ప్రాంతంలో. పీర్ల పండుగ, బతుకమ్మ రెండూ చేసుకునే ఊళ్ళవాళ్ళకు ఈ లెక్క సులువు. హిజ్రీ నెల నెలవంకతో మొదలవుతుంది, మన నెల అమావాస్య మర్నాడు. రెండూ ఒకటి రెండు రోజుల తేడాతో కలిసే నడుస్తాయి. ఆ ఏడాది రజబ్‌కు సరిపోయింది కార్తీకం. మహర్నవమి ఆశ్వయుజ శుద్ధంలో, అంటే అక్టోబరు మొదటి రోజుల్లోనే అయిపోయింది. అయితే అతను చూసింది కార్తీకంలో జరిగిన వేరే ఉత్సవమైనా కావాలి, నెల పేరైనా తప్పు రాసి ఉండాలి. రెండోదానికి కారణం ఉంది. అతని చరిత్ర గ్రంథం 1470 దాకా జరిగిన సంగతులు చెబుతుంది. అంటే దాని చివరి రూపం ప్రయాణం అయిన పాతికేళ్ళ తర్వాతది. చెమట, విసనకర్ర గుర్తుంటాయి. నెల పేరు జారిపోతుంది.

అసలు ముడి 1443 యుద్ధం. రజాక్ చెప్పే కథ ఇది. అతను రాకముందే రాజు తమ్ముడు కొత్త ఇంటికి విందు పేరుతో పెద్దలను ఒక్కొక్కరిగా లోపలికి పిలిచి చంపించాడు. డప్పుల మోతలో కేకలు బయటికి వినబడలేదు. రాజు మీద కూడా కత్తి దూశాడు గాని రాజు బతికాడు. ఈ కబురు విని గుల్బర్గా సుల్తాను, బహమనీ రెండో అలాఉద్దీన్ అహ్మద్, ఏడు లక్షల వరహాలు కట్టమని కబురంపాడు. రాయలు మండిపడి సైన్యాన్ని పంపాడు. ఏడు లక్షల వరహాలంటే ఎంతో రజాక్ పట్టికతోనే చూడొచ్చు. కోటీ నలభై లక్షల పణాలు, నగర భటులందరికీ మూడేళ్ళకు పైగా జీతం. వరహా తూకం 3.4 గ్రాములు వేసుకుంటే రెండు టన్నులు దాటిన బంగారం. అడిగింది ఇస్తారని కాదు, తగువు కోసం అడిగిన అంకె అది.

పర్షియన్‌లో దక్కన్ చరిత్ర రాసిన ఫెరిష్తా చెప్పే కథ వేరు. దేవరాయలే ముందు తుంగభద్ర దాటి ముద్గల్ పట్టుకున్నాడు, కొడుకులను రాయచూరు, బంకాపురం మీదికి పంపాడు, రెండు నెలల్లో మూడు పోరాటాలు జరిగాయి, చివరికి కప్పం కట్టడానికి ఒప్పుకుని సంధి చేసుకున్నాడు అంటాడు. రెండూ ఒకే యుద్ధమే. ఫెరిష్తా రాసింది బీజాపూరు కొలువులో, నూట అరవై ఏళ్ళ తర్వాత, బహమనీల వారసుల నీడలో. రజాక్ అదే ఏడాది అక్కడే ఉన్నాడు, కానీ దేవరాయల అన్నం తింటూ, దేవరాయల నగరంలో. దగ్గరగా ఉన్న సాక్షి నిష్పాక్షికంగా ఉంటాడని లేదు, దూరపు సాక్షికి రాజ్యాల మూలపత్రాలు దొరకవనీ లేదు. మాకు తోచేది ఏమిటంటే, యుద్ధం మొదలైన తీరుకు రజాక్‌ను, ముగిసిన తీరుకు ఫెరిష్తాను కొంచెం ఎక్కువ నమ్మొచ్చు. సంధి షరతులు రాయబారి చెవిన పడనివ్వరు. ఓడినవాళ్ళు అసలే చెప్పరు.

ఈ తగువు ఒక్క ఏడాదిది కాదు. 1417లో ఫిరోజ్ షా బహమనీ పానగల్‌ను ముట్టడించి రెండేళ్ళు కూర్చుంటే సైన్యంలో రోగం పుట్టి మనుషులు, గుర్రాలు రాలిపోయారు. ఆపైన మొదటి దేవరాయల చేతిలో ఓటమి. పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఛాయా సోమేశ్వరాలయం ఉన్న నల్లగొండ పానగల్లు వేరు, కృష్ణకు దగ్గరగా వనపర్తి వైపు ఉన్న పానగల్ కోట వేరు. గెజిటీర్ ఆ యుద్ధాన్ని చెప్పింది ఈ కోట దగ్గర. 1513లో సుల్తాన్ కులీ కుతుబ్‌షా కాలంలో ఇక్కడే మళ్ళీ పోరు జరిగిందనీ అదే గెజిటీర్ రాసింది. రజాక్ వచ్చేనాటికి ఫిరోజ్ షా ఓటమి పాతికేళ్ళ నాటి మాట. విజయనగర దర్బారులో ముసలివాళ్ళకు అది కళ్ళముందరి సంగతే.

యుద్ధానికి సైన్యాన్ని తీసుకుపోయినవాణ్ణి రజాక్ దనాయిక్ అంటాడు. అది పేరు కాదు, మన దండనాయకుడు, దన్నాయకుడే. పర్షియన్‌లో రాసిన మాట ఫ్రెంచిలోకి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చేసరికి కొన్ని పుస్తకాల్లో అదొక మనిషి పేరైపోయింది. కాత్రమేర్ ఫ్రెంచి అనువాదం 1843లో వచ్చింది. 1857 ఇంగ్లీషు అనువాదం దాని మీద ఆధారపడింది. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు వింతగా కనబడితే ఆ మూడు చేతులూ గుర్తుంచుకోవాలి.

ఆ దన్నాయకుడు ఊళ్ళో లేనప్పుడే రజాక్‌కు కష్టం వచ్చింది. హర్ముజ్ వర్తకులు కొందరు దర్బారులో, ఇతను షారుఖ్ పంపిన మనిషి కాదని పుకారు పుట్టించారు. ఆ కాలంలో రాయబారికి రుజువు ఒక ఉత్తరం, ఒక ముద్ర. ఆ ముద్ర అసలుదో కాదో చెప్పగలిగేది ఆ దేశం నుంచి వచ్చిపోయే వర్తకులే. వాళ్ళే కాదంటే? పైగా ఇతను కాలికట్‌కని బయల్దేరి పిలిస్తే ఇటు వచ్చినవాడు. అనుమానం నాటడం కష్టం కాదు. దన్నాయకుడి స్థానంలో ఉన్న అధికారి రోజువారీ భత్యం ఆపేశాడు. గుర్రాల వ్యాపారమంతా హర్ముజ్ మీదే నడిచే రాజ్యంలో ఆ వర్తకుల మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. దన్నాయకుడు తిరిగొచ్చాక సంగతి చక్కబడింది గాని పాత మర్యాద పూర్తిగా రాలేదు. వీడ్కోలు నాడు రాజే అన్నాడట, నువ్వు నిజంగా షారుఖ్ మనిషివి కాదని చెప్పారు, లేకపోతే ఇంకా గౌరవించేవాణ్ణి అని.

1443 డిసెంబరులో బయల్దేరాడు, ఈశాన్య గాలి మీద. వెంట దేవరాయల తరఫున ఇద్దరు రాయబారులు. 1444 జనవరి చివర ఓడ ఎక్కి ఏప్రిల్‌లో హర్ముజ్ చేరాడు. తర్వాత ఒకసారి గిలాన్‌కు రాయబారిగా వెళ్ళాడు. 1463లో హెరాత్‌లో షారుఖ్ కట్టించిన ఖాన్‌ఖా, అంటే సూఫీల మఠం, పెత్తనం చేతికి వచ్చింది. 1482లో పోయేదాకా అక్కడే. విజయనగరం పుటలన్నీ అతని పెద్ద చరిత్రలో ఒక అధ్యాయం మాత్రమే.

ఆ అధ్యాయంలో మన వైపు మనుషులు కనబడేది ఒక్కచోట. దన్నాయకుడు గుల్బర్గా రాజ్యపు సరిహద్దుల మీద పడి, కొందరు నిర్భాగ్యులను బందీలుగా పట్టుకుని తిరిగి వచ్చాడని అర వాక్యం. రాజు గొలుసులోని ముత్యాల గురించి రాసిన మనిషి ఆ బందీలు ఎందరో, ఏ ఊరివాళ్ళో రాయలేదు.